ఓరుగల్లు కోట గవనిని పరిశీలించడం ఎలా?

ఖిలా వరంగల్ చూడడానికి వచ్చేవారిలో ఎక్కువమంది పడమటి గవనిని ఆటోలో అర నిమిషంలో దాటేసి, మధ్యకోటలో కీర్తితోరణాల దగ్గర దిగి, నాలుగు ఫోటోలు తీసుకొని, కోట ద్వారాలు చూశామన్న తృప్తితో తిరుగుముఖం పడతారు. నిజానికి వారు చూసినవి కోట ద్వారాలు కావు. చూడకుండా దాటివచ్చినవే కోట ద్వారాలు. ఆ దాటివచ్చిన చోట ఒక పూట నిలబడి, దానిని ఎందుకు అలా కట్టారో ఎవరి సాయం లేకుండా తెలుసుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ చెప్పిన పద్ధతి ఎలగందులకైనా, గోల్కొండకైనా పనికివస్తుంది. అయితే నేర్చుకోవడానికి ఓరుగల్లును మించిన చోటు మన ప్రాంతంలో లేదని నా అభిప్రాయం. మట్టికోట, అగడ్త, రాతికోట, గవని అన్నీ ఒకే బాట మీద, ఒకదాని తరువాత ఒకటిగా ఇక్కడ కనిపిస్తాయి.

గవని అన్న మాట కొందరికి కొత్తగా ఉండవచ్చు. నగర ప్రాకారంలోని పెద్ద వాకిలిని పాత తెలుగులో గవని అనేవారు. మన ఇళ్ల వాకిలికి దర్వాజ అన్న మాట స్థిరపడిపోయింది కనుక కోట వాకిలిని కూడా చాలామంది దర్వాజ అనే అంటారు. ఈ వ్యాసంలో కోట వాకిలి మొత్తానికి, అంటే దాని ముంగిలికీ మలుపులకూ తలుపులకూ కలిపి, గవని అన్న మాట వాడుతున్నాను. తలుపు నిలిచే చోటును మాత్రమే దర్వాజ అంటున్నాను. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

వెంట తీసుకువెళ్లవలసినవి తక్కువే. గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు, ఐదు మీటర్ల టేపు, చిన్న టార్చిలైటు, దిక్సూచి ఉంటే చాలు. దిక్సూచి ఫోనులోనే ఉంటుంది. బయలుదేరేముందు ఇంటి దగ్గర ఇరవై మీటర్లు కొలిచి, మామూలు నడకతో అది ఎన్ని అడుగులు పడుతుందో లెక్కపెట్టి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. టేపు పట్టని చోట ఆ అడుగులే మీ కొలబద్ద.

ముందుగా పైనుంచి చూడడం

ఫోనులోని మ్యాపును ఉపగ్రహ చిత్రానికి మార్చి ఖిలా వరంగల్‌ను చూడండి. గుండ్రటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. లోపలిది రాతికోట, దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్నది మట్టికోట, వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. వీటికి చాలా దూరంగా సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరొక మట్టికట్ట ఉండేది. నగరం పెరిగిన కొద్దీ అది ముక్కలు ముక్కలుగా మిగిలింది. రాతి గోడను గణపతిదేవుడు (1199–1262) మొదలుపెట్టాడని, రుద్రమదేవి (1262–1289) దాని ఎత్తు పెంచి పూర్తిచేసిందని, ప్రతాపరుద్రుని కాలంలో (1289–1323) కోటను మరింత పటిష్ఠం చేశారని చరిత్రకారులు చెబుతారు.

మూడు వలయాలను పుస్తకంలో గీసి, రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు గవనులు గుర్తించండి. ఆ గోడకు సుమారు 45 బురుజులు ఉన్నాయి. వ్యాసాన్ని బట్టి చుట్టుకొలత దాదాపు 3.8 కిలోమీటర్లు అవుతుంది కనుక, సగటున 80 మీటర్లకు కొంచెం పైన ఒక బురుజు వస్తుందన్నమాట. రెండు బురుజుల నడుమ గోడకు ఆనుకొని నిలబడ్డ శత్రువు ఏదో ఒక బురుజు మీది విలుకానికి సుమారు నలభై మీటర్ల దూరంలోనే ఉంటాడు. ఇలాంటి చిన్న లెక్కలు ముందే వేసుకొని వెళితే, రాళ్లు ఊరికే రాళ్లుగా కాకుండా మనుషులు ఆలోచించి పేర్చినవిగా కనిపిస్తాయి.

బయటి నుంచి నడవడం

ఆటోను మట్టికోటకు బయటే ఆపించి దిగండి. ఎంత ఎండగా ఉన్నా ఈ నియమాన్ని మాత్రం తప్పవద్దు. గవనిని లోపలి నుంచి చూసేవానికి అది ఒక వాకిలిగా మాత్రమే కనిపిస్తుంది. బయటి నుంచి, ముట్టడికి వచ్చినవాడు నడిచిన దారిలోనే నడిచి వచ్చినవానికే దాని అసలు పని అర్థమవుతుంది.

ప్రాకారం ఎంత గట్టిదైనా దానిలో వాకిలి పెట్టిన చోట అది బలహీనమవుతుంది. అయినా నగరానికి వాకిలి లేకుండా కుదరదు. బండ్లు రావాలి, ధాన్యం రావాలి, సుంకం వసూలు కావాలి, రాజుగారి ఏనుగు తల వంచకుండా పోవాలి. అందుకే కోట కట్టినవారి తెలివితేటలన్నీ గవని దగ్గరే పోగుపడి ఉంటాయి. గోడ ఎంత మందంగా ఉందన్నది కూలీల సంఖ్యను చెబుతుంది, గవని మాత్రం కట్టినవాని బుర్రను చెబుతుంది.

మట్టికోటను చిన్నచూపు చూడవద్దు. గడ్డి మొలిచిన మామూలు దిబ్బలా ఉంది కదా అని చాలామంది దానివైపు తల కూడా తిప్పరు. అయితే 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనలు వచ్చినప్పుడు వారిని నిలబెట్టిన మొదటి గోడ ఇదే. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టిగా ఆ మట్టి ఉందని, యంత్రంతో విసిరిన రాయి దానికి తగిలి పిల్లలు ఆడుకొనే గింజలాగా వెనక్కి ఎగిరి పడేదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో వర్ణించాడు. కవి మాటల్లో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు గానీ, విషయం మాత్రం నిజమే. రాతి గోడకు దెబ్బ తగిలితే పగుళ్లు పారుతాయి, దిమ్మిస కొట్టిన మట్టి ఆ దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. అగడ్త తవ్విన మట్టితోనే కట్ట పోసి, ఏనుగులతోనూ ఎద్దులతోనూ తొక్కించాలని కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో చెప్పాడు. తవ్విన గుంట, పోసిన దిబ్బ రెండూ ఒకే పనిలో తయారవుతాయి. దూరం నుంచి మట్టి మోసే ఖర్చు ఉండదు.

ఈ విద్య కాకతీయులతో మొదలైంది కాదు. ఆంధ్రులకు ప్రాకారాలు, బురుజులు గల ముప్పై నగరాలు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలో రాశాడు. ఆ ముప్పైలో ఏవేవి ఉన్నాయన్నది వేరే చర్చ గానీ, పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోనూ, జగిత్యాల జిల్లా కోటిలింగాలలోనూ తవ్వకాల్లో శాతవాహనుల నాటి మట్టికోటలు బయటపడ్డాయి. ఓరుగల్లు మట్టికోట వెనుక ఈ ప్రాంతపు వెయ్యేళ్లకు పైబడిన అలవాటు ఉన్నదని చెప్పుకోవడానికి ఇవి చాలు.

మట్టికోట దాటి లోపలికి నడుస్తూ ఉంటే రాతి గోడకు ముందు అగడ్త వస్తుంది. కొన్నిచోట్ల నీరు, కొన్నిచోట్ల తుంగ కనిపిస్తాయి. ఇక్కడ చూడవలసింది ఒక్కటే. గవని దగ్గర అగడ్త మీదుగా దారి ఎంత వెడల్పు ఉందో, ఆ దారి తిన్నగా దర్వాజకు ఎదురుగా పోతుందో, పక్కకు తిరుగుతుందో గమనించి పటంలో గీయండి. ఇప్పటి తారు రోడ్డు పాత దారిని కప్పివేసి ఉండవచ్చు కనుక, రోడ్డును కాకుండా గోడల్లోని ఖాళీలను చూసి గీయాలి.

మలుపు

ఈ వ్యాసంలో ఏదైనా ఒక్కటే చదివే తీరిక ఉంటే ఈ భాగం చదవండి.

రాతికోట గవని గోడలో తెరిచిన ఒక వాకిలి మాత్రమే కాదు. గోడ కన్నా ముందుకు పొడుచుకొని వచ్చిన పెద్ద ముంగిలి అది. నాలుగువైపులా ఎత్తైన రాతి గోడలు ఉన్న ఆ ముంగిలిలోకి ఒక పక్క నుంచి ప్రవేశించి, లోపల మూల మట్టంగా మలుపు తిరిగితే గానీ అసలు దర్వాజ ఎదురుపడదు. బయట అగడ్త అవతల నిలబడ్డవానికి అసలు దర్వాజ కనిపించనే కనిపించదు. కనిపించని తలుపును గురిచూసి రాళ్లు విసరడం సాధ్యం కాదు. మలుపు వల్ల కలిగిన మొదటి మేలు ఇదే.

రెండో మేలు తెలియాలంటే లెక్క వేయాలి. తలుపులు బద్దలుకొట్టడానికి దూలాలు వాడేవారు, ఏనుగులను ఉసిగొల్పేవారు. రెండింటికీ బలం పరుగు వల్లనే వస్తుంది. ఒకే వెడల్పు గల రెండు దారులు మూల మట్టంగా కలిసే చోట, నేలకు సమాంతరంగా పట్టుకున్న దూలం తిరగాలంటే, దాని పొడవు ఆ వెడల్పుకు సుమారు 2.8 రెట్లకు మించకూడదు. దారి 3 మీటర్లు ఉంటే దాదాపు 8.5 మీటర్ల దూలం దాకా తిరుగుతుంది, అదీ దూలానికి మందం లేదనుకుంటే, మోసేవారి భుజాలను లెక్కలోకి తీసుకోకుంటే. వారిని కూడా కలుపుకుంటే ఇంకా చాలా తగ్గుతుంది. ముంగిలి విశాలంగా ఉన్నచోట దూలం తిరుగుతుంది గానీ, అప్పుడు దాన్ని మోసేవారు నాలుగు గోడల నడుమ బట్టబయట నిలబడి తిప్పవలసి వస్తుంది. ఏనుగు సంగతీ అంతే. మలుపు దగ్గర అది ఆగి తిరగాలి, తిరిగాక మళ్లీ వేగం అందుకోవడానికి చోటు చాలదు. మీరు చేయవలసిందల్లా మొదటి వాకిలి వెడల్పు, ముంగిలి పొడవు వెడల్పులు, మలుపు నుంచి దర్వాజ దాకా ఉన్న దూరం, ఈ నాలుగింటిని కొలిచి రాసుకోవడం. ఒకసారి నేను కొలుస్తూ ఉండగా గడ్డిమోపులు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు ఒకటి వచ్చింది. మలుపు దగ్గర డ్రైవరు గేరు మార్చి, ట్రాలీ చక్రం గోడ రాతికి ఒరుసుకోకుండా అడుగు అడుగుగా తిప్పుకుంటూ పోతుంటే, నేను పుస్తకంలో వేసుకున్న లెక్క అంతా కళ్ల ముందు నడిచినట్టు అనిపించింది.

మూడోది పైకి చూస్తే తెలుస్తుంది. ముంగిలి నడుమ నిలబడి ఒక్కసారి చుట్టూ తిరగండి. ఏ మూల నిలబడినా మీ నెత్తి మీదికి కనీసం రెండు గోడల మీది నుంచి చూపు పడుతుంది. మొదటి వాకిలిని గెలిచి లోపలికి వచ్చిన గుంపు, రెండో వాకిలి తెరుచుకొనేదాకా ఇక్కడే నిలబడాలి. ఎక్కడ నిలబడితే అన్నిటికన్నా తక్కువ గోడలు కనిపిస్తాయో వెతికి, ఆ చోటును పటంలో చుక్కతో గుర్తించండి. అలాంటి చోటు చాలా చిన్నదిగా ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు.

మలుపు ఏ వైపు తిరుగుతుందన్నది కూడా రాసుకోవాలి. డాలు ఎడమ చేతిలో, కత్తి కుడి చేతిలో పట్టే సైనికునికి కుడిపక్క కాపు తక్కువ. గోడను కుడిచేతి వైపు ఉంచి అతన్ని నడిపించిన గవని అతని బలహీనతను వాడుకున్నట్టే. అన్ని కోటల్లోనూ ఈ సూత్రాన్నే పాటించారని చెప్పలేము, చాలాచోట్ల నేల వాలు, పాత దారి, నీటి వసతి ముందు నిలుస్తాయి. అందుకే సూత్రాన్ని ముందు పెట్టుకొని చూడవద్దు, చూసింది రాసుకొని ఆపైన సూత్రంతో పోల్చండి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు కొలతలు మాత్రం రాసుకొని, పటం ఇంటికి పోయాక తీరికగా గీద్దాములే అనుకున్నాను. ఫోటోలు యాభైకి పైగా ఉన్నాయన్న ధైర్యం ఒకటి. తీరా గీయడానికి కూర్చుంటే మలుపు ఎడమకో కుడికో తేలలేదు. బయటి నుంచి తీసిన ఫోటో ఏదో, లోపలి నుంచి తీసింది ఏదో తెలియకుండా రాతి గోడలన్నీ ఒక్కలాగే కనిపించాయి. చివరకు తప్పుగా గీసి, మళ్లీ బస్సెక్కి వచ్చి దిద్దుకున్నాను. పటం అక్కడే గీయాలి, ఉత్తరం గుర్తు ముందే వేయాలి.

గడప, కమ్మి, కన్నాలు

మలుపు తిరిగి అసలు దర్వాజ దగ్గరకు వచ్చాక నేల చూపులు చూడాలి. తలుపులు ఎప్పుడో పోయినా, తలుపులు ఉండిన గుర్తులు రాతిలో మిగిలి ఉంటాయి. పాతకాలపు తలుపుకు ఇప్పటిలాగా మడత బందులు లేవు. తలుపు చెక్క అంచునే పైనా కిందా మొలలాగా పొడిగించి, కింది మొలను గడప దగ్గరి రాతి గుంటలోనూ, పై మొలను కమ్మి, అంటే ద్వారబంధం పై అడ్డం దగ్గర ముందుకు పొడుచుకొని వచ్చిన రాతి కన్నంలోనూ దించేవారు. తలుపు ఆ రెండు మొలల మీదే తిరిగేది. గుంట దొరికితే టార్చి వేసి చూడండి. లోపలి అంచుల్లో నున్నగా అరిగిన గుండ్రటి రాపిడి గీతలు ఉంటే, అక్కడ తలుపు చాలాకాలం తిరిగిందని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ గుంట వెడల్పు తలుపు మొల లావును చెబుతుంది, మొల లావును బట్టి తలుపు ఎంత బరువైనదో ఊహించవచ్చు.

ఆ గుంట ద్వారబంధానికి ఏ పక్కన ఉందో కూడా చూడాలి. కోట తలుపు లోపలికి తెరుచుకొనేలా, మూసినప్పుడు రాతి అంచుకు ఆనుకొనేలా అమరుస్తారు. బయటి నుంచి ఎంత నెట్టినా వెనుక ఉన్న అడ్డగడియ ఆపుతుంది. కాబట్టి మొల గుంట ఉన్న వైపే కాపాడుకోవలసిన వైపు. చుట్టుపక్కల గోడలన్నీ కూలిపోయి ఒంటరిగా నిలిచిన ద్వారబంధం ఎక్కడ కనిపించినా, ఈ ఒక్క గుర్తుతో ఏది లోపలో ఏది బయటో చెప్పేయవచ్చు. పాడుబడ్డ కోటల్లో తిరిగేటప్పుడు ఇంతగా ఉపయోగపడిన గుర్తు నాకు మరొకటి తెలియదు.

ఇక అడ్డగడియ. నడుము ఎత్తునో ఛాతీ ఎత్తునో రెండు పక్క గోడల్లో ఎదురెదురుగా చదరపు కన్నాలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే రెండింటి లోతూ కొలవండి. ఒకటి జానెడు మాత్రమే ఉండి, రెండోది టేపు ఎంత పోనిస్తే అంత పోతూ ఉంటే అది జారుడు గడియ. తలుపు తెరిచి ఉన్నప్పుడు మాను మొత్తం ఆ లోతైన కన్నంలోనే దాగి ఉంటుంది, మూసినప్పుడు బయటికి లాగి ఎదుటి కన్నంలోకి దూరుస్తారు. లోతైన కన్నం ఇంచుమించు దర్వాజ వెడల్పంత ఉంటే లెక్క సరిపోయినట్టే. అలాంటి కన్నంలో నేను టార్చి లేకుండా చెయ్యి పెట్టబోతుంటే, దగ్గరలో మేకలు మేపుకుంటున్న పెద్దాయన ఒకరు కేకేశారు: "అండ్ల చెయ్యి పెట్టకు బిడ్డా, తేళ్లుంటయ్!" తరువాత దగ్గరకు వచ్చి, కర్రతో కన్నం లోతు చూపిస్తూ, "మా పాతింట్ల గూడ గిట్లనే గోడల గడెమాను ఉండె. రాత్రి గుంజి పెడితె దొంగలకు రాకపాయె" అన్నారు. కోటకూ ఇంటికీ ఉన్న తేడా మాను లావులోనే తప్ప ఉపాయంలో లేదన్న సంగతిని ఆ ఒక్క మాటతో తేల్చేశారాయన. టార్చి తీసుకువెళ్లమని మొదట చెప్పింది కూడా ఆ తేళ్ల భయంతోనే.

పెద్ద తలుపులను రోజంతా తెరిచి మూయడం కుదరదు కనుక, కోటల్లో ఒక మనిషి వంగి పోగలిగినంత దిడ్డి వాకిలి వేరుగా ఉండడం మామూలే. కొన్నిచోట్ల అది గోడలో ఉంటుంది, కొన్నిచోట్ల పెద్ద తలుపులోనే చిన్న తలుపుగా ఉంటుంది. రాతి గోడలోని దిడ్డి మాత్రమే ఈనాటికి మిగులుతుంది కనుక, కనిపించలేదని అది లేదనుకోవడం తొందరపాటు. గడప రాతి మీద బండి చక్రాలు ఒరిసిన గాడులు ఉంటే రెండు గాడుల నడుమ దూరం కూడా కొలిచి రాసుకోండి.

రాళ్లను బట్టి కాలం తెలుసుకోవడం

1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుగ్ ఖాన్ సేనలు కోటను పట్టుకున్నాయి, ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. ఆపైన ఈ కోట ముసునూరి నాయకులు, రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీల ఏలుబడి చూసింది. ఇన్ని చేతులు మారిన కోటలో గవనులు మొదట కట్టినట్టే ఉండవు. ఏ రాయి ఎప్పటిదో పూర్తిగా తేల్చడం నిపుణుల పనే అయినా, మూడు నాలుగు గుర్తులు అందరికీ అందుతాయి.

కాకతీయుల నాటి పనిలో పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మలు సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. రాతి బరువే బంధం. దిమ్మల అంచుల వెంట వరుసగా చిన్న చిన్న పళ్లలాగా గంట్లు కనిపిస్తే, బండను చీల్చడానికి ఉలితో వేసిన గుంటల్లో సగాలు అవి. మిగతా సగాలు ఆ బండ నుంచి విడిపోయిన మరో దిమ్మకు ఉంటాయి. వాకిలి పైన అడ్డంగా వేసిన రాతి దూలమో, రెండు పక్కల నుంచి మెట్లు మెట్లుగా ముందుకు చొచ్చుకొని వచ్చిన రాళ్లో ఉంటే అది పాత పద్ధతి. సున్నంతో కట్టిన చిన్న రాళ్లు, కమాను, గచ్చు పూత, గోడ నెత్తిన వరుసగా నిలిచిన కోటకొమ్మలు, తుపాకీ పెట్టుకోవడానికి వదిలిన సన్నని కన్నాలు కనిపిస్తే అది తరువాతి పని. తుపాకీ మందు దక్కనులో వాడుకలోకి వచ్చింది కాకతీయుల తరువాతే కనుక, చివరి గుర్తు ఎన్నడూ మోసం చేయదు. పువ్వో హంసో చెక్కిన రాయి గోడలో తలకిందులుగానో అడ్డంగానో కనిపిస్తే, అది కూలిన కట్టడం నుంచి తెచ్చి మరమ్మతుకు వాడుకున్నదని తెలుసుకోవాలి. అటువంటి రాయి చుట్టూ ఉన్న వరుస అంతా తరువాతి కాలానిదే.

ఈ గుర్తులు కనిపించాలంటే వెలుగు గోడకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా పడాలి. తూర్పు ముఖంగా ఉన్న గోడను ఉదయం పదకొండు ప్రాంతంలో, పడమటి ముఖంగా ఉన్నదాన్ని మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే చూస్తే, ఎండ గోడను రాసుకుంటూ దిగి ఉలిగంట్లన్నిటికీ నీడలు వస్తాయి. ముంగిలిలో నాలుగు ముఖాలూ ఉంటాయి కాబట్టి ఏ వేళ వెళ్లినా ఏదో ఒక గోడ అనుకూలిస్తుంది.

లోపలి వైపు

దర్వాజ దాటి వెనక్కి తిరిగి చూస్తే గోడ పూర్తిగా వేరే మనిషిలా కనిపిస్తుంది. బయటికి నిట్టనిలువుగా ఉన్న గోడ లోపలికి మట్టికట్టగా వాలి, దాని మీద రాతి మెట్లు వరుసగా సాగుతాయి. ఒక మూల ఇరుకైన మెట్లదారి పెట్టకుండా ఇంత పొడవునా మెట్లు ఎందుకు పరిచారో ఆలోచించండి. కేక వినిపించిన క్షణంలో ఎక్కడి సైనికుడు అక్కడే గోడ ఎక్కగలగాలి. బయటివానికి ఎక్కడా కాలు పెట్టే చోటు లేకుండా, లోపలివానికి ఎక్కడైనా ఎక్కే వీలు ఉండేలా ఒకే గోడను కట్టారు. మెట్లు ఎక్కేముందు అక్కడ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. కోట భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది, కదిలిన రాళ్లు కూడా చాలానే ఉన్నాయి. వానాకాలంలో మట్టికట్ట మీది నాచు జారుతుంది.

తోరణాలకు అదే పరీక్ష

ఇప్పుడు మధ్యకోటకు వెళ్లండి. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాల దగ్గర, గవని దగ్గర చేసిన పరీక్షనే మళ్లీ చేయండి. మొల గుంట ఉందా? అడ్డగడియ కన్నం ఉందా? తలుపు ఆనుకొనే రాతి అంచు ఉందా? ఏదీ కనిపించదు. పక్కన గోడను పట్టుకొని నిలిచే ఏర్పాటు కూడా ఉండదు. స్తంభాలు, వాటి మీద బరువైన అడ్డదూలం, దూలం కొసల మీద హంసలు, అంతే. ఎవరినీ ఆపడానికి కట్టినవి కావవి, దేవుని సన్నిధికి స్వాగతం పలకడానికి నిలిపినవి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు దక్కింది వీటికే. కాకతీయుల ఆలయాలు, ద్వారాలు అన్న పేరుతో 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లిన ప్రతిపాదనలోనూ ఈ కోట ఉంది. 2021లో ప్రపంచ వారసత్వ హోదా రామప్ప గుడి ఒక్కదానికే దక్కింది. తోరణాలు అందమైనవి కావని ఎవరూ అనలేరు. అయితే అన్ని కెమెరాలూ వాటివైపే తిరిగి ఉండడం వల్ల గవనులు ఊరి దారులుగా మాత్రమే మిగిలిపోయాయన్న బాధ నాకు ఉంది.

మరొక పూట వీలు చిక్కితే మిగతా మూడు గవనులకూ ఇదే విధంగా పటాలు గీయండి. నాలుగింటికీ ఒకే కొలమానం వాడాలి, గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక మీటరు సరిపోతుంది. గీసిన నాలుగు పటాలనూ కత్తిరించి, ఉత్తరం పైకి ఉండేలా ఒక పెద్ద కాగితం మీద వాటి వాటి దిక్కుల్లో అంటించండి. నాలుగు మలుపులూ ఒకే వైపు తిరుగుతున్నాయా, ఎదురెదురు గవనులు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉన్నాయా అన్నది అప్పుడు ఒక్క చూపులో తెలుస్తుంది. తరువాత జగిత్యాల కోటకు వెళితే ఆ కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫిరంగులను దృష్టిలో పెట్టుకొని నక్షత్రాకారంలో కట్టిన ఆ కోటలో వాకిలిని కాపాడే పని ముంగిలి గోడల నుంచి బురుజుల కోణాలకు ఎలా మారిందో, రెండు పటాలు పక్కపక్కన పెట్టుకొని అక్కడే నిలబడి చూసుకోవచ్చు.